కారణాలమ్మ మొగుడి ధర

షేర్ మార్కెట్ పడిపోయిన రోజు సాయంత్రం ఆ పత్రికాఫీసులో అందరూ ఒకే మనిషి వైపు చూస్తారు. ఎందుకు పడింది? మార్కెట్‌కి తెలీదు, అమ్మినవాళ్ళకి తెలీదు, కొన్నవాళ్ళకి అసలే తెలీదు. మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడకి మాత్రం తెలుసు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కాసేపు ఫ్యాన్ కేసి చూసి, "మదుపరులు లాభాల స్వీకరణకు మొగ్గు చూపడంతో" అని టకటకా కొట్టేస్తుంది. మర్నాడు పొద్దున ఊరు ఊరంతా కాఫీ తాగుతూ, ఓహో అదన్నమాట సంగతి అనుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇదే పని చెయ్యడం వల్ల ఆవిడకి కారణాలమ్మ అని పేరు పడిపోయింది. జీతం కాగితం మీద వేరే పేరుందట గానీ, అది చూసి పిలిచినవాళ్ళకి ఆవిడ పలకదు.

ఆవిడ పని పద్ధతి చూస్తే కొత్తవాళ్ళు నోరెళ్ళబెడతారు. మధ్యాహ్నం భోజనం కాగానే రెండు వార్తలు రాసి పెట్టుకుంటుంది. ఒకటి మార్కెట్ లేచినట్టు, ఒకటి పడినట్టు. రెండింటిలోనూ కారణం ఒకటే, వడ్డీ రేట్ల మీద అంచనాలు. లేస్తే ఆ అంచనాలు ఉత్సాహం నింపుతాయి, పడితే అవే అంచనాలు కలవరపెడతాయి. మార్కెట్ మూయగానే అంకెలు నింపి ఒకటి పంపిస్తుంది, రెండోది రేపటికి దాచుకుంటుంది. ఒకసారి ఎడిటర్ పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఒకే కారణానికి లేస్తుంది, ఒకే కారణానికి పడుతుందా?"

"మీకు కోపం వచ్చినా అరుస్తారు, సంతోషం వచ్చినా అరుస్తారు. నేనెప్పుడైనా అడిగానా?"

ఎడిటర్ మళ్ళీ ఆ సంగతి ఎత్తితే ఒట్టు. కారణాలమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా ఆ పేజీ చూసుకోగలవాళ్ళు ఆఫీసులో ఇంకెవరూ లేరు.

ఇది చాలదన్నట్టు ఆవిడ నెత్తిన ఇంకో పని పడింది. బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ గురించి ప్రభుత్వం ఏడాదికో కొత్త విధానం తెచ్చేది. ఉండనివ్వాలంటే సగం ఊరు తిడుతుంది, పంపెయ్యాలంటే మిగతా సగం తిడుతుంది. ఆ గొడవ మీద వారం వారం రాయమంటే ఒకడికి నడుం నొప్పి, ఒకడికి పెళ్ళి చూపులు. చివరికి ఎడిటర్ కారణాలమ్మ బల్ల దగ్గరికొచ్చి, "నువ్వు లెక్కల మనిషివి. తిట్లు పట్టించుకోవు" అని అంటగట్టేశాడు. ఏడో పేజీలో వచ్చే ఆ శీర్షికకి ఆవిడ "ఒక పక్క, మరో పక్క" అని పేరు పెట్టింది. పై సగంలో, వాళ్ళు ఈ దేశానికి కావాలి అని రాసేది. కింది సగంలో, అక్కర్లేదని కూడా అనొచ్చు అని రాసేది. రెండు రకాల తిట్ల ఉత్తరాలూ వచ్చి పడేవి. ఒక్కో కట్టని ఒక్కో చేత్తో పట్టుకుని, బరువు సమానంగా ఉంటే ఈ వారం బాగా రాశానని తృప్తి పడేది.

"ఇంతకీ మీరు ఎటువైపండీ?" అని పాఠకులు ఫోన్ చేసి అడిగేవాళ్ళు.

"ఏడో పేజీ వైపు" అని పెట్టేసేది.

తమాషా ఏమిటంటే, ఆవిడ మొగుడే బయటి దేశం మనిషి. లిఫ్టులు బాగుచేస్తాడు. పత్రికాఫీసు లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆవిడతో పాటు ఇరుక్కుపోయాడు. పేజీ పంపించే వేళ. ఆవిడ ఆ లిఫ్టునీ, కంపెనీనీ, వాళ్ళ ఏడు తరాలనీ దులిపేస్తుంటే ఆయన మాత్రం చేతులు కట్టుకుని, "దయచేసి వేచి ఉండండి" అన్నాడు. అప్పటికి ఆయనకి వచ్చిన భాషంతా లిఫ్టులో మోగే గొంతు విని నేర్చుకున్నదే. ఎందుకు చేసుకున్నావే వాణ్ణి అని పుట్టింటివాళ్ళు అడిగితే, "లిఫ్టు దిగాక కూడా ఆయన్ని తిట్టాలనిపించింది" అంది. ఇంతకన్నా మంచి కారణం ఆవిడ జీవితంలో చెప్పి ఉండదు.

ఇరవై ఏళ్ళు గడిచినా ఆయన మాట ఆ లిఫ్టు గొంతుని వదల్లేదు. పెళ్ళాన్నీ పిల్లినీ కూడా మీరు అనే అంటాడు. ఆవిడే ఆయన్ని నువ్వు అంటుంది. గొడవ ముదిరితే ఆయన "తలుపులు మూసుకుంటున్నాయి" అని మెల్లిగా చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోతాడు. అలాంటివాణ్ణి పట్టుకుని ఎంతసేపు తిడతాం? మేడలో అందరికీ ఆయనంటే ఇష్టం. కింది వాటా తాతగారికి ఆయనతో చదరంగం ఆడనిదే పొద్దు పోదు. ఓనరమ్మ తాళాలు పోగొట్టుకుంటే ముందు ఆయన్నే కేకేస్తుంది. ఆఫీసులోనైతే అందరికీ ఆయన బావగారు. ఒక్క కారణాలమ్మ అన్నయ్యకి మాత్రం ఆయన పేరెత్తితే ఒళ్ళు మంట. పెళ్ళినాటి నుంచీ "ఆ లిఫ్టోడు" అనడమే తప్ప నోరారా బావా అని పిలిచింది లేదు.

ఇక అసలు కొంప ఎలా మునిగిందో వినండి. ఒక వారం కారణాలమ్మకి పంటి నొప్పి. రెండు వైపుల తిట్లూ ఎక్కువయ్యాయి. ఒళ్ళు మండి, "ఇంత రభస దేనికి? షేర్లకి కట్టినట్టు మనుషులకీ రోజుకో ధర కట్టి పేపర్లో వేస్తే పోలా?" అని రాసి పారేసింది. వెటకారం! కానీ ఆ వారం చోటు లేక ఆ శీర్షికని తీసుకెళ్ళి వ్యాపారం పేజీలో వేశారు. వ్యాపారం పేజీలో వెటకారం ఉంటుందని ఎవరు అనుకుంటారు? మంత్రిగారు చదివారు. మళ్ళీ చదివారు. అద్భుతం అన్నారు. ఆ ఏడు విధానం అదే అయి కూర్చుంది.

బయటి నుంచి వచ్చిన ప్రతి మనిషికీ వంద పాయింట్లతో ధర మొదలవుతుంది. రోజూ సాయంత్రం మారుతుంది. నెల రోజులు వరసగా యాభైకి కింద ఉంటే ఆ మనిషిని దేశం దాటించేస్తారు. ఈ వ్యవహారానికి ఒక పెద్ద కార్యాలయం పెట్టారు, జనం దాన్ని రేట్లాఫీసు అన్నారు. ఆ ధరల పట్టిక రోజూ కారణాలమ్మ పేజీలోనే, ఉక్కు, సిమెంటు షేర్ల పక్కనే పడేది. ధర ఎలా కడతారో ఎవరికీ తెలీదు. మంత్రిగారికి ఫోన్ చేసి మొత్తుకుంది.

"అయ్యా, నేను హాస్యానికి రాశాను!"

"ఎంత వినయమమ్మా మీకు!" అన్నారు మంత్రిగారు.

మొదట్లో బాగానే సాగింది. "బావగారు నూట పది దగ్గర స్థిరంగా ముగిశారు" అని ఆఫీసులో టీ తాగుతూ నవ్వుకునేవాళ్ళు. ఆయన కూడా పేపరు కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్నాడు. ఒక సాయంత్రం పట్టిక వచ్చేసరికి ఆయన ధర ఎనిమిది పాయింట్లు పడిపోయి ఉంది. ఎడిటర్ గడియారం చూస్తూ పక్కనొచ్చి నిలబడ్డాడు.

"కారణం వెయ్యమ్మా. పేజీ వెళ్ళిపోవాలి."

కారణాలమ్మ ఫ్యాన్ కేసి చూసింది. ఏమీ తట్టలేదు. అయినా వేళ్ళు వాటి పని అవి చేసేశాయి. లాభాల స్వీకరణ వల్ల. ఎవరి లాభం, ఎవరు స్వీకరించారు? ఆ దేవుడికే తెలియాలి. మర్నాడు సాయంత్రం ఇంకో పది పడింది. ఆవిడ రేట్లాఫీసుకి ఫోన్ చేసింది.

"ఎందుకయ్యా తగ్గించారు?"

"మీరే రాశారుగా మేడమ్, లాభాల స్వీకరణ జరుగుతోందని."

"మీరు తగ్గించారు కాబట్టి రాశాను!"

"మీరు రాశారు కాబట్టి తగ్గించాం."

"మరి మొదటి రోజు?"

"మొదటి రోజు ఎందుకు తగ్గిందో మాకూ అర్థం కాలేదండీ. మీరేం రాస్తారా అని ఎదురు చూశాం" అన్నాడు అవతలి గుమాస్తా, ఎంతో మర్యాదగా.

మర్నాడు ఆవిడ, "కొనుగోళ్ల మద్దతుతో కోలుకునే సూచనలు" అని రాసింది. భార్యే రాస్తున్నందువల్ల ధరని కృత్రిమంగా పెంచుతున్నారన్న అనుమానాలు బలపడ్డాయని ఇంకా తగ్గించారు. ఏమీ రాయకుండా వదిలేసింది. సమాచారం కొరవడటం ఆందోళన కలిగించిందని ఇంకా తగ్గించారు. ఏం రాసినా, రాయకపోయినా ఆయన కిందికే దిగుతున్నాడు. యాభై దాటి నలభైకి వచ్చాడు, నలభై దాటి ముప్ఫైకి వచ్చాడు.

ధర తగ్గినవాణ్ణి పై అంతస్తులకి పంపడం ప్రమాదమని లిఫ్టుల కంపెనీ ఆయనకి కింది అంతస్తు పనులు మాత్రమే ఇచ్చింది. కింది అంతస్తులో లిఫ్టుకి చేసే పని ఏముంటుంది? తలుపు తెరిచి, తుడిచి, మూసేవాడు. కొట్టువాడు సరుకులిచ్చే ముందు ఒకసారి పేపరు తిరగేసేవాడు. ఓరి నాయనో, లోకం ఇంత తొందరగా అంకెలు నేర్చుకుంటుందా అని కారణాలమ్మ ఆశ్చర్యపోయింది.

నెల గడువు దగ్గర పడుతుంటే ఆవిడకి అన్నం సయించడం మానేసింది.

"ఎక్కడికని పంపుతారు నిన్ను? అక్కడ నీకెవరున్నారు?" అంది ఒక సాయంత్రం, వంటింటి గుమ్మంలో నిలబడి.

"దయచేసి కంగారు పడకండి" అన్నాడు ఆయన అలవాటుగా. గిన్నె తుడుస్తూ, "అక్కడి లిఫ్టులు ఇప్పుడు ఏ భాషలో మాట్లాడుతున్నాయో" అన్నాడు.

తను కూడా వెళ్ళిపోదామా అంటే, మన మంత్రిగారే ఆయన దేశం వెళ్ళి అక్కడా ఇదే విధానం ప్రారంభించి వచ్చారు. అక్కడ ఆవిడ ధర సున్నా దగ్గర మొదలవుతుందట. కారణాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ చేత్తోనే మంత్రిగారికి శాపనార్థాలు పెట్టింది. ఆ తర్వాత తనకి తాను పెట్టుకుంది.

రేట్లాఫీసులో మనవి చెప్పుకోవడానికి ఒక అవకాశం ఇస్తారు. పొడుగాటి గది, బల్ల వెనక అధికారి, బల్ల ముందు ఒకటే కుర్చీ. అధికారి ముక్కుసూటి మనిషి. కలం మూత తీసి, "ఆయన ఎందుకు కావాలో కారణాలు చెప్పండి" అన్నాడు. కారణాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. కారణాలే కదా!

"లిఫ్టులు బాగుచేస్తాడు."

"మెట్లున్నాయి."

"పన్ను కడతాడు."

"అందరూ కడతారు."

"వంట చేస్తాడు. బాగా చేస్తాడు."

"హోటళ్ళున్నాయి."

"మంచివాడండీ."

అధికారి ఒక పుస్తకం తిరగేసి, "మంచితనానికి ఈ నెల రేటు లేదండీ. సరఫరా ఎక్కువైపోయింది" అన్నాడు నిజంగానే విచారంగా.

కారణాలమ్మకి చిర్రెత్తుకొచ్చింది. కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"నాకు కావాలయ్యా! వింటున్నావా? కారణం లేదు, గీరణం లేదు. నాకు కావాలి, అంతే!"

గదిలో వాళ్ళంతా తలలెత్తి చూశారు. అధికారి కలం ఆగింది.

"మీకా? మీకు కాక ఇంకెవరికైనా కావాలా?"

"ఎవరికి కావాలో నాకెందుకు?"

"కూర్చోండమ్మా, కూర్చోండి" అంటూ ఆయన నిబంధనల పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. "కొనేవాళ్ళు ఒక్కరే ఉంటే దాన్ని మార్కెట్ అనరు. మార్కెట్ లేకపోతే ధర ఉండదు. ధర లేనివాణ్ణి పట్టికలో ఉంచకూడదు. పట్టికలో లేనివాణ్ణి దేశం దాటించే అధికారం మాకు లేదు."

ఇంకొకరైతే తల పట్టుకునేవాళ్ళు. ఆవిడకి మాత్రం ఇంత చక్కటి మాట తన సర్వీసులో విన్నట్టు అనిపించలేదు. కానీ చిక్కేమిటంటే, కొనేవాళ్ళు ఒక్కరే అని రుజువు కావాలి. ఆయన్ని ఎరిగినవాళ్ళంతా వచ్చి, ఆయన ఎదుటే, మాకు వద్దు అని చెప్పాలి. ఒక్కరు కావాలన్నా మార్కెట్ ఉన్నట్టే. ఆ ముప్ఫై ధర ఖాయం, ప్రయాణం ఖాయం.

"వద్దనడానికి కారణాలు చెప్పాలా?" అని అడిగింది.

"అబ్బే. కావాలనడానికే కారణం అడుగుతాం. వద్దనడానికి అక్కర్లేదు."

ఆ రోజు నుంచి మొదలైంది ఆవిడ తిప్పలు. మొగుణ్ణి వెంటబెట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగి, మా ఆయన మీకు వద్దని చెప్పండి బాబూ అని బతిమాలుకోవడం! ఓనరమ్మ చెవులు మూసుకుంది. "చచ్చినా అనను. నా నోరు పడిపోతుంది" అంది. ఆఫీసులోవాళ్ళు, "బావగార్నా? మేమా?" అని గుండెల మీద చెయ్యేసుకున్నారు. తాతగారైతే చదరంగం బల్ల మీద నుంచి తలెత్తి చూసి, "అంత మాట నా నోట ఎలా వస్తుందమ్మా? పోయి ఇంకేదైనా దారి చూడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు ఆయనే వంగి, "తాతగారూ, దయచేసి నన్ను వద్దనండి" అని చేతులు పట్టుకున్నాడు. ఒక్కొక్కరికీ నచ్చజెప్పేసరికి కారణాలమ్మ గొంతు బొంగురుపోయింది.

ఒక్క అన్నయ్య దగ్గర మాత్రం శ్రమ లేదు. విషయం సగం చెప్పగానే, "ఓ! భేషుగ్గా! ఇరవై ఏళ్ళ నుంచీ నేను చెప్తున్నది అదేగా" అన్నాడు. కారణాలమ్మకి అరిచెయ్యి దురద పెట్టింది గానీ ఓర్చుకుంది. గట్టి సాక్షి కదా, చివర్లో ఉంచుదాం అని వరసలో అందరికన్నా వెనక పెట్టింది.

విచారణ రోజున మేడంతా, ఆఫీసులో సగమూ, మంచి బట్టలు కట్టుకుని రేట్లాఫీసులో బారులు తీరారు. ఆయన్ని బల్ల పక్కన కుర్చీలో, వచ్చేవాళ్ళకి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆవిడ గోడవార నిలబడింది.

ముందు ఓనరమ్మ వచ్చింది. "నెల నెలా అద్దె ఇస్తాడండీ, గోడకి ఒక్క మేకు కొట్టడండీ, నా తాళాలన్నీ ఆయనే వెతికిపెడతాడండీ" అని వెక్కిళ్ళు పెట్టి, "అయినా వద్దండీ" అని పరుగెత్తినంత పని చేసింది. ఆవిడ వెనకవాళ్ళు కూడా ముక్కులు చీదుతూ, తలలు దించుకుని చెప్పారు. ఆయన ఒక్కొక్కరికీ లేచి దండం పెట్టాడు. ఎంత కష్టపడుతున్నారో పాపం అని ఆయన కళ్ళు చెమర్చాయి.

కానీ బారు పొడుగ్గా ఉంది. వెనకనున్నవాళ్ళు ముందువాళ్ళ మాట వింటూ వస్తున్నారు. కొంతసేపటికి ఏడుపులు తగ్గాయి. ఇంకాసేపటికి తడబాటు పోయింది. ఆఫీసువాళ్ళు వచ్చేసరికి, "వద్దు," "వద్దు," "మాక్కూడా" అని బస్సులో టిక్కెట్టు అడిగినట్టు చెప్పి పక్కకి తప్పుకుంటున్నారు. నుదురు తుడుచుకుంటూ ఒకడు, "ఎండ ముదరకుండా పోవాలి, కానివ్వండి" అన్నాడు. తాతగారు కర్ర తాటించుకుంటూ వచ్చి, గోడ గడియారం చూసుకుని, "వద్దు" అన్నాడు. అని, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

ఆయన దండం పెట్టడం ఎప్పుడు మానేశాడో కారణాలమ్మ గమనించలేదు. చూసేసరికి ఆయన చేతులు ఒళ్ళో ఉన్నాయి. వచ్చేవాళ్ళ మొహాల్లోకి చూస్తున్నాడు. నాటకం ఎక్కడ ఆగిందో పోల్చుకోవాలని ప్రయత్నిస్తున్నట్టుంది. ఆపండి, ఇంక చాలు అని అరవాలనిపించింది. అరిస్తే ఆయన వెళ్ళిపోతాడు.

చివరికి అన్నయ్య వచ్చాడు. ఛాతీ విరుచుకుని బల్ల ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని చూశాడు.

"చెప్పండి" అన్నాడు అధికారి.

"నాకు..." అన్నాడు అన్నయ్య. మొహం జేవురించింది. "ఇందాకట్నించీ చూస్తున్నా. వీళ్ళకేం మాయరోగం? ఇంతమంది కలిసి మా బావని పట్టుకుని..."

"అన్నయ్యా!" అని కేక పెట్టింది కారణాలమ్మ.

"నువ్వుండవే! మా బావని మేం అనుకుంటాం. వీళ్ళెవరు అనడానికి?"

అధికారి కలం పైకి లేచింది. "అంటే మీకు కావాలని రాసుకోమంటారా?"

చెల్లెలు రెండు చేతులూ జోడించింది. అన్నయ్య ఆవిడని చూశాడు, బావని చూశాడు. కన్నీళ్ళు బొటబొటా కారిపోతుండగా, "వద్దు" అన్నాడు, తనకే వినపడనంత మెల్లిగా. రెండోసారి గట్టిగా చెప్పమంటే చెప్పలేక, తల అడ్డంగా ఊపాడు. అధికారి దయతలచి అది చాలన్నాడు.

అంతా అయిపోయిందనుకుంటే అధికారి సొరుగులోంచి ఒక పేపరు కత్తిరింపు తీశాడు. "ఒక పక్క, మరో పక్క" శీర్షిక.

"ఇందులో, ఇలాంటివాళ్ళు ఈ దేశానికి కావాలి అని ఉంది. దేశమంటే రెండో కొనుగోలుదారు అవుతుంది. ఇది రాసింది మీరేనా?"

కారణాలమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. "కింద కూడా చదవండి" అంది.

అధికారి కింది సగం చదివాడు. ఇంకో వారంది తీశాడు. ఇంకోటి తీశాడు. అన్నింట్లోనూ పైన కావాలి, కింద అక్కర్లేదనొచ్చు. "ఇదీ అన్నారు, అదీ అన్నారు. రెండూ కొట్టేసుకుంటాయి" అని కత్తిరింపులన్నీ చించి బుట్టలో పడేశాడు. "ఏమీ రాయనట్టే లెక్క."

మొగుడు దక్కాడు. ఆ సంతోషం సంతోషమే. కానీ ఇన్నేళ్ళ తన రాత ఆ బుట్టలో పడి ఉంటే, తీసుకోవాలన్న మనసు కూడా ఆవిడకి పుట్టలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మీకు కావాలా?" అని అడిగాడు అధికారి నియమం ప్రకారం.

"కావాలి" అంది.

ఆయన పేరు పట్టికలోంచి తీసేశారు. ధర లేదు అని ముద్ర కొట్టిన ముక్క చేతిలో పెట్టి, అభినందనలు చెప్పి పంపించారు.

సాయంత్రం మేడ మీద పెళ్ళివారిల్లులా ఉంది. "నేనెలా చెప్పాను?" "అదరగొట్టావు!" "నువ్వైతే సినిమాల్లోకి వెళ్ళొచ్చు!" అని ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటున్నారు. ఆయన అందరి మధ్యా నిలబడి నవ్వుతున్నాడు. తాతగారు చదరంగం బల్ల పరిచాడు.

"తాతగారూ, ఆ మాట మీ నోట రాదన్నారు. చాలాసార్లు సాధన చేశారా?" అని అడిగాడు ఆయన పావులు సర్దుతూ.

"లేదు బాబూ, నేనూ అదే భయపడ్డా. తీరా అక్కడికెళ్ళాక అదే వచ్చేసింది నోటికి!" అని పకపకా నవ్వాడు తాతగారు. నవ్వు సగంలో తాతగారి మొహం ఎలాగో అయిపోయింది. "అంటే నా ఉద్దేశం..." అన్నాడు. ఆ పూట ఆట సాగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళాడు. పనికి వెళ్ళాడనుకుంది కారణాలమ్మ. కాసేపటికి కింద మాటలు వినిపించి మెట్ల దగ్గరికొచ్చి తొంగి చూసింది. ఆయన తాతగారి తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

"నమస్కారమండీ. కొత్తగా వచ్చాను. పైన రెండో అంతస్తు" అంటున్నాడు. "లిఫ్టులు బాగుచేస్తాను. చదరంగం కొద్దిగా వచ్చు."

తాతగారు నవ్వబోయాడు. ఎదుటి మనిషి నవ్వట్లేదు. వెక్కిరింపు కాదు, కోపం కాదు. ఎంతో మర్యాదగా, మీకు అభ్యంతరం లేకపోతే అన్నట్టు నిలబడి ఉన్నాడు. తర్వాత ఆయన ఓనరమ్మ తలుపు కొట్టాడు. "నమస్కారమండీ. కొత్తగా వచ్చాను." ఆవిడ చేతిలో తాళాల గుత్తి జారిపోతే వంగి తీసి ఇచ్చాడు. ఆ తర్వాత పక్క వాటా, ఆ పై వాటా. ఒక్కో తలుపు దగ్గరా అవే మాటలు. అన్నయ్య ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

కారణాలమ్మ గబగబా ఇంట్లోకి వచ్చి తలుపేసుకుంది. పిలిచి ఆపాలని ఉంది. ఏమని ఆపాలి? వాళ్ళందరి గుమ్మాలకీ ఆయన్ని తిప్పి, వద్దనండి వద్దనండి అని బతిమాలింది తనే కదా. స్టవ్ మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడిపోయింది.

కాసేపటికి తలుపు చప్పుడైంది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. అయినా తలుపు కొట్టాడు. ఆవిడ తీసింది.

"నమస్కారమండీ" అన్నాడు ఆయన, జుట్టు సర్దుకుని. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను కొత్తగా..."

"నోర్మూసుకుని లోపలికి తగలడు" అంది కారణాలమ్మ, ఆయన చొక్కా పట్టుకుని లోపలికి లాగి, భుజం మీద తల పెట్టి ఏడుస్తూ.